ఇమామ్ గజాలీ (ర.అ.) – ఖల్వత్‌లోనూ, జల్వత్‌లోనూ

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) పేరు వినని ముస్లిం ఇల్లు బహుశా ఉండదు. జుమా ప్రసంగంలోనో, మీలాద్ సభలోనో, మదరసా పాఠంలోనో ఎక్కడో ఒకచోట ఆ పేరు మన చెవిన పడుతూనే ఉంటుంది. పండితలోకం ఆయనకు 'హుజ్జతుల్ ఇస్లాం' అని బిరుదు ఇచ్చింది. ఇస్లాం సత్యానికి సాక్ష్యంగా నిలిచినవాడు అని దాని భావం. ఉర్దూ చదివిన మనవాళ్లకు ఆయన జీవితాన్ని దగ్గర చేసినవారు అల్లామా షిబ్లీ నోమానీ. ఆయన రాసిన 'అల్ గజాలీ' అనే గ్రంథం 1902లో వెలువడింది. ఆ రోజుల్లో షిబ్లీ మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వ కొలువులో ఉండేవారు.

గజాలీ గారి పాండిత్యం గురించి చెప్పగలిగినవారు చాలామంది ఉన్నారు. నేను ఆయన స్వభావం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఒక మనిషిని చూసి ఇతను సభల మనిషి అంటాం. ఇంకొకరిని చూసి ఇతను మూల కూర్చునే మనిషి అంటాం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని సామెత కూడా చెప్తాం. గజాలీ గారి జీవితం ఈ సామెతను తిరగేస్తుంది. ఒక దశలో ఆయన మూడు వందల మంది ముందు గలగల మాట్లాడిన మనిషి. ఇంకో దశలో మినారు ఎక్కి తలుపు వేసుకున్న మనిషి. మూడో దశలో మళ్లీ పిల్లల మధ్యకు వచ్చి పాఠం చెప్పిన మనిషి. సూఫీల మాటల్లో చెప్పాలంటే జల్వత్ నుంచి ఖల్వత్‌కు, ఖల్వత్ నుంచి మళ్లీ జల్వత్‌కు, అంటే జనంలోంచి ఏకాంతానికి, ఏకాంతంలోంచి జనంలోకి.

తూస్ పట్టణంలో బాల్యం

ఖురాసాన్ ప్రాంతంలో తూస్ అనే పట్టణం ఉండేది. ఈనాటి ఇరాన్‌లో మష్హద్ నగరానికి దగ్గర. అక్కడ హిజ్రీ 450, అంటే క్రీ.శ. 1058 ప్రాంతంలో గజాలీ పుట్టారు. అసలు పేరు ముహమ్మద్, తండ్రి పేరూ ముహమ్మదే. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే బీదవాడు. ఆయనకు చదువు లేదు గాని, చదువుకున్నవాళ్లంటే ప్రాణం. ఆలిముల మజ్లిస్‌లో ఓ పక్కన కూర్చుని వింటూ, తన బిడ్డలు కూడా ఇలా కావాలని కన్నీళ్లతో దుఆ చేసేవాడని చరిత్రకారులు రాశారు.

బిడ్డలు చిన్నవాళ్లుగా ఉండగానే తండ్రి కాలం చేశాడు. పోయేముందు ఇద్దరు కొడుకుల్ని, ఉన్న కొద్ది సొమ్మునూ ఒక సూఫీ మిత్రుడి చేతిలో పెట్టాడు. ఆ మిత్రుడు నిజాయితీపరుడు. సొమ్ము ఉన్నంతవరకు పిల్లల్ని చదివించాడు. అది అయిపోయాక, నేనూ ఫకీరునే, మీకు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు, మదరసాలో చేరితే తిండీ చదువూ రెండూ దొరుకుతాయని వాళ్లకు నచ్చచెప్పాడు. అలా అన్నదమ్ములిద్దరూ మదరసాలో చేరారు. మొదట్లో కడుపు కోసమే చదువులో చేరామని గజాలీ గారు పెద్దయ్యాక దాచకుండా చెప్పుకున్నారు. తమ్ముడు అహ్మద్ గజాలీ కూడా తర్వాత పేరున్న సూఫీ, గొప్ప ఉపన్యాసకుడు అయ్యారు. హాస్టలు అన్నం తిని చదువుకునే మన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

చదువుకోసం ఆయన జుర్జాన్ దాకా వెళ్లారు. తిరిగి వస్తుండగా దారిలో దొంగలు పడి అంతా దోచుకున్నారు. గజాలీ వాళ్ల వెంటబడి, మిగతావి మీరే ఉంచుకోండి, నేను రాసుకున్న పాఠాల కాగితాలు మాత్రం ఇవ్వండి, నా చదువంతా అందులోనే ఉందని బతిమాలారు. కాగితాలు పోతే పోయే చదువు ఏం చదువని దొంగల నాయకుడు నవ్వాడట. కాగితాలు తిరిగి ఇచ్చేశాడు గాని ఆ మాట మాత్రం గుచ్చుకుంది. ఇంటికి వచ్చాక మూడేళ్లు కూర్చుని ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు. పట్టుదల అంటే ఏమిటో అప్పుడే కనిపించింది.

తర్వాత నైషాపూర్ వెళ్లి, ఆ కాలపు మహా పండితుడు ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర శిష్యుడయ్యారు. వాదనలో ఎదురులేనివాడని అక్కడే పేరు వచ్చింది.

బగ్దాద్ వైభవం

1085లో గురువుగారు చనిపోయారు. అప్పటికి గజాలీకి ఇరవై ఏడేళ్లు ఉంటాయి. అక్కణ్నుంచి తిన్నగా సల్జూక్ సుల్తానుల వజీరు నిజాముల్ ముల్క్ కొలువుకు వెళ్లారు. ఆ కొలువులో పండితులు ఎదురెదురుగా కూర్చుని ముఖాముఖి వాదించేవారు. ఈ కుర్రవాడు పెద్దపెద్దవాళ్లను ఓడించాడు. వజీరు ముచ్చటపడి 1091లో బగ్దాద్‌లోని నిజామియా మదరసాకు ముదర్రిస్‌గా పంపాడు. ముప్పై మూడేళ్ల వయసులో అంత ఉన్నత స్థానం! ఈనాటి లెక్కలో చెప్పాలంటే దేశంలోకెల్లా పెద్ద విశ్వవిద్యాలయంలో అందరికంటే పెద్ద పీఠం అన్నమాట.

ఆయన పాఠానికి మూడు వందల మంది విద్యార్థులు కూర్చునేవారు. ఖలీఫా దర్బారులో గౌరవం, అమీర్ల ఇళ్లలో గౌరవం. ఆయన బగ్దాద్‌లో అడుగుపెట్టినప్పుడు వేసుకున్న బట్టలు, ఎక్కివచ్చిన వాహనం కలిపి అయిదు వందల దీనార్లు చేస్తాయని చూసినవాళ్లు లెక్కగట్టారు. ఒక పక్క పాఠాలు చెబుతూనే, దొరికిన తీరికలో యవన తత్వశాస్త్రాన్ని సొంతంగా చదివి, దాన్ని విమర్శిస్తూ 'తహాఫుతుల్ ఫలాసిఫా' రాశారు.

ఆ రోజుల్లో ఆయన స్వభావం ఎలా ఉండేదో చెప్పిన సాక్షి ఒకరున్నారు. నైషాపూర్ ఖతీబు అబ్దుల్ గాఫిర్ ఫార్సీ ఆయనకు సమకాలికుడు, బాగా ఎరిగినవాడు. ఆయన మొహమాటం లేకుండా రాశారు. మాట చాతుర్యం, తెలివి, పేరు ఇవన్నీ కలిసి గజాలీలో గర్వం ఉండేదనీ, ఎదుటివాళ్లను చులకనగా చూసేవారనీ ఆయన మాటల సారాంశం. మహాపురుషుల చరిత్రల్లో ఇలాంటి సంగతులు మనవాళ్లు సాధారణంగా దాస్తారు. దాచకపోవడమే మంచిది. ఎందుకంటే తర్వాత వచ్చిన మార్పు ఎంత పెద్దదో అప్పుడే తెలుస్తుంది.

మాట ఆగిపోయిన రోజులు

1092లో వజీరు నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. కొన్ని వారాలకే సుల్తాన్ మలిక్ షా కూడా చనిపోయాడు. రాజ్యంలో వారసుల కొట్లాటలు మొదలయ్యాయి. ఇవి బయటి అలజడులు. గజాలీ గారి లోపల ఇంకొక అలజడి మొదలైంది. 'అల్ మున్‌ఖిజ్ మినజ్జలాల్' అనే చిన్న పుస్తకంలో దాన్ని ఆయనే వివరించారు.

తాను చెప్పే పాఠాలు ఎవరికోసం చెబుతున్నాననే ప్రశ్న ఆయనకు ఎదురైంది. అల్లాహ్ కోసమా, పేరుకోసమా? నీయత్‌ను తడిమి చూసుకుంటే పేరు మీద, హోదా మీద ఆశే అసలు కారణంగా కనిపించింది. వదిలిపెట్టి వెళ్లిపోదామని పొద్దున అనుకుంటే, సాయంత్రానికి మనసు వెనక్కి లాగేది. ఈ ఊగిసలాట హిజ్రీ 488 రజబ్ నెల, అంటే 1095 జులై నుంచి దాదాపు ఆరు నెలలు సాగింది.

చివరికి నాలుక మొరాయించింది. పిల్లలు నిరాశపడతారని ఒక్కరోజైనా పాఠం చెబుదామని కూర్చుంటే నోట మాట రాలేదు. వాదనలో ఎవరూ కట్టలేని నోరు తనంతట తానే మూతపడింది. ఆ దిగులుకు తిండి సహించలేదు, గుక్కెడు నీళ్లు దిగడం కష్టమైంది. మనిషి చిక్కిపోయారు. హకీములు వచ్చి చూశారు. ఇది మనసులో పుట్టి ఒంటికి పాకిన జబ్బు, మనసు తేలికపడితే తప్ప మందు పనిచేయదని చేతులెత్తేశారు. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఆ హకీములు గుర్తించిన సంగతిని మనం ఇవాళ కూడా ఇళ్లలో గుర్తించలేకపోతున్నాం.

తనవల్ల అయ్యే పని కాదని తెలిశాక ఆయన అల్లాహ్‌ను ఆశ్రయించారు. అప్పుడు పేరు, ధనం, స్నేహితులు అన్నింటినీ వదలడం తేలికైందని రాసుకున్నారు. హజ్‌కు వెళ్తున్నానని పైకి చెప్పి, మనసులో సిరియాకు పోవాలనుకుని, 1095 నవంబరులో బగ్దాద్ విడిచారు. పిల్లల పోషణకూ తన తిండికీ కావలసినంత మాత్రం ఉంచుకుని మిగిలిన ఆస్తి పంచేశారు. తన చోట పాఠం చెప్పడానికి తమ్ముడు అహ్మద్‌ను పెట్టారు.

ఊరు ఊరుకుంటుందా? ఇంత హోదా ఎవరైనా వదులుకుంటారా, ఇందులో ఏదో ఉందని జనం రకరకాలుగా అల్లారు. ప్రభుత్వంవాళ్లకు కోపం వచ్చి ఉంటుందని దూరాన ఉన్నవాళ్లు అనుకున్నారు. పెద్దలు ఆయన్ను ఆపాలని ఎంత పట్టుబట్టారో దగ్గరగా చూసినవాళ్లు మాత్రం, ఇదేదో దిష్టి తగిలిందన్నారు. మన మొహల్లా కబుర్లకూ ఆ బగ్దాద్ కబుర్లకూ పెద్ద తేడా లేదు.

పదకొండేళ్ల ఏకాంతం

డమాస్కస్‌లో దాదాపు రెండేళ్లు ఉన్నారు. అక్కడి ఉమయ్యద్ జామె మసీదు మినారు ఎక్కి, తలుపు వేసుకుని, పగలంతా జిక్ర్‌లో గడిపేవారు. తర్వాత బైతుల్ మఖ్దిస్ వెళ్లి, సఖ్రా గుంబద్‌లో ప్రవేశించి తలుపు వేసుకునేవారు. హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి దగ్గర మూడు ప్రతిజ్ఞలు చేశారు. పాలకుల దర్బారుకు వెళ్లకూడదు, పాలకుల సొమ్ము తీసుకోకూడదు, గెలుపు కోసం ఎవరితోనూ వాదనకు దిగకూడదు. ఒకప్పుడు తనను పైకెత్తిన మూడు మెట్లనూ తన చేత్తోనే తీసేశారన్నమాట. అటుపిమ్మట మక్కా, మదీనాలు దర్శించి హజ్ చేశారు.

డమాస్కస్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒకనాడు ఆయన ఎవరికీ తెలియకుండా ఒక మదరసాలోకి వెళితే, అక్కడి ఉపాధ్యాయుడు గజాలీ గారి అభిప్రాయం అంటూ ఈయన మాటే చెబుతున్నాడట. మనసులో గర్వం మళ్లీ తలెత్తుతుందని భయపడి వెంటనే ఆ ఊరు విడిచిపెట్టారని కథ.

తర్వాత ఆయన్ను బగ్దాద్‌లో చూసినవాళ్లు ఒంటిమీది బట్టలు పదిహేను ఖీరాత్‌లకు మించవని లెక్కగట్టారు. ఖీరాత్ అంటే దీనారులో ఒక చిన్న ముక్క. అయిదు వందల దీనార్ల మనిషి ఒక్క దీనారు కూడా చేయని బట్టల్లో!

అయితే ఈ ఏకాంతం అడవిలో ముక్కు మూసుకున్న ఏకాంతం కాదు. పిల్లలు రమ్మని కబుర్లు పెట్టారు. ఆ పిలుపుకు కరిగి సొంతూరికి వచ్చేశారు. తిరిగి వచ్చాక కూడా ఏకాంతాన్ని వదలలేదు గాని, సంసారం, జీవనం, కాలపు చిక్కులు మధ్యమధ్య దాన్ని చెదరగొట్టేవని, ప్రశాంతత అప్పుడప్పుడే దొరికేదని ఒప్పుకున్నారు. ఇంటి బాధ్యత ఉన్న ప్రతి మనిషికీ ఈ మాట అర్థమవుతుంది.

రెండు వైపులా తూచిన పుస్తకం

ఈ ఏకాంతపు రోజుల్లోనే 'ఇహ్యా ఉలూముద్దీన్' రూపుదిద్దుకుంది. నాలుగు భాగాలు, భాగానికి పది చొప్పున మొత్తం నలభై ప్రకరణాలు. అందులో పదిహేనో ప్రకరణం స్నేహం, సోదరభావం గురించి. దాని పక్కనే పదహారో ప్రకరణం ఏకాంతం గురించి. రెండూ పక్కపక్కనే ఉండడం చూస్తేనే ఆయన ఆలోచన అర్థమవుతుంది.

ఏకాంతంలో ఆరు లాభాలు చూపించారు. ఆరాధనకూ ఆలోచనకూ తీరిక దొరుకుతుంది. చాడీలు, పైపై వేషాలు వంటి నలుగురిలో అంటుకునే పాపాలు తప్పుతాయి. తగాదాల్లో తల దూర్చే పని ఉండదు. జనం పెట్టే బాధ తప్పుతుంది. ఇతరుల సొత్తు చూసి ఆశపడడం తగ్గుతుంది. మూర్ఖులను భరించే అవస్థ ఉండదు.

నలుగురిలో ఉండడంలో ఏడు లాభాలు చూపించారు. నేర్చుకోవడం, నేర్పడం. పదిమందికి సాయపడడం, సాయం పొందడం. మన స్వభావాన్ని సరిచేసుకోవడం, ఇతరుల్ని సరిచేయడం. మంచి తోడు దొరకడం. జనాజాలో నడిచి, రోగిని పరామర్శించి పుణ్యం సంపాదించడం. అణకువ అలవడడం. లోకానుభవం కలగడం.

అయితే ఏది గొప్పది? అందరికీ ఒకే తీర్పు చెప్పడం తప్పని ఆయన అభిప్రాయం. ఆ మనిషి ఎవరు, అతని తోడు ఎవరు, అతను దేనికోసం కలుస్తున్నాడు, దేనికోసం తప్పుకుంటున్నాడు, ఇవన్నీ చూసి చెప్పాలి. ఇంకో మెలిక కూడా పెట్టారు. ఒంటరిగా కూర్చునేవాడు ముందుగా తన చెడు ఇతరులకు తగలకూడదనే నీయత్‌తో కూర్చోవాలి. ఇతరులు చెడ్డవాళ్లని కాదు. తాను ఎవరింటికీ పోకుండా, అందరూ తన గుమ్మానికి రావాలని కోరుకునేవాడిది ఏకాంతం కాదు, గర్వం. ఇది పుస్తకాల్లో చదివి రాసినవాడి మాట కాదు, రెండు వైపులా బతికి చూసినవాడి తూకం.

మళ్లీ జనంలోకి

పదకొండేళ్లు గడిచాయి. సుల్తాన్ సంజర్ వజీరుగా ఉన్న ఫఖ్రుల్ ముల్క్, అంటే నిజాముల్ ముల్క్ కొడుకు, నైషాపూర్ నిజామియాలో పాఠం చెప్పమని గట్టిగా పట్టుబట్టాడు. ఇక్కడ గజాలీ గారు తనను తాను మళ్లీ ప్రశ్నించుకున్నారు. జనం విశ్వాసం సడలిపోతూ ఉంటే నేను గదిలో ఎందుకు కూర్చున్నాను? ఇది భక్తేనా? లేక బద్ధకమా, సుఖమా, ఎవరితోనూ మాట పడకుండా గౌరవం కాపాడుకునే ఉపాయమా?

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం ఇదే. హోదాను వదిలినందుకు లోకం ఆయన్ను మెచ్చుకుంది. ప్రశాంతతను వదలడం అంతకంటే కష్టం, దాన్ని మెచ్చుకునేవాళ్లు కూడా తక్కువ. సాధుజనులను సలహా అడిగారు, వాళ్లూ బయటకు రమ్మన్నారు. హిజ్రీ అయిదు వందలు దగ్గరపడింది. ప్రతి శతాబ్దం మొదట్లో ధర్మాన్ని పునరుద్ధరించే మనిషిని అల్లాహ్ పంపుతాడనే హదీసు మీద కూడా ఆశ పెట్టుకున్నారు. హిజ్రీ 499లో, అంటే 1106లో, మళ్లీ పాఠం మొదలుపెట్టారు.

పైకి చూస్తే అదే పీఠం, అదే పాఠం. కానీ తాను తిరిగి వచ్చింది పాత చోటికి కాదని ఆయన భావించారు. పూర్వం హోదా తెచ్చిపెట్టే విద్య చెప్పారు, ఇప్పుడు హోదాను వదలడం నేర్పే విద్య చెబుతున్నారు. గిట్టనివాళ్లు ఆయన మీద ఆరోపణలు చేశారు. పాత గజాలీ అయితే సభ పెట్టి వాళ్ల నోరు మూయించేవారే.

మనం పైన చెప్పుకున్న అబ్దుల్ గాఫిర్ ఈ రోజుల్లో ఆయన్ను చాలాసార్లు కలిశారు. ఈ వినయం పైపై వేషమేమో అని మొదట అనుమానించారు. పరీక్షగా చూసి చూసి, చివరికి ఇది నిజమేనని, ఆ మనిషి నిజంగా మారాడని సాక్ష్యం రాసి పెట్టారు. తప్పు చూసి రాసిన చేత్తోనే ఒప్పు చూసి రాశారు కాబట్టి ఆ సాక్ష్యానికి విలువ.

చివరి రోజులు

కొంతకాలానికి తూస్‌కు తిరిగి వచ్చి, ఇంటి పక్కనే ఒక మదరసా, ఒక ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకున్నారు. పగలు పాఠం, రాత్రి ఆరాధన, మధ్యలో ఖుర్‌ఆన్ పారాయణం. ఖల్వత్, జల్వత్ రెండూ ఒకే ఆవరణలో! బగ్దాద్ నిజామియా పీఠం ఖాళీ అయితే మళ్లీ రమ్మని పిలుపు వచ్చింది. ఇక్కడ నూట యాభై మంది శిష్యులు ఉన్నారు, భార్యాబిడ్డలు ఉన్నారు, హెబ్రోన్‌లో చేసిన ప్రతిజ్ఞలు ఉన్నాయని చెప్పి మర్యాదగా వద్దన్నారు.

అంత పండితుడై ఉండి, చివరి కాలంలో సహీ బుఖారీ, సహీ ముస్లిం హదీసు గ్రంథాలను మళ్లీ విద్యార్థిలా చదవడం మొదలుపెట్టారు. హిజ్రీ 505 జమాదిఉస్సానీ 14, సోమవారం, అంటే 1111 డిసెంబరు 18న కన్నుమూశారు. ఆ తెల్లవారుజామున వజూ చేసి నమాజు ముగించి, కఫన్ తెప్పించుకుని, కళ్లకు అద్దుకుని, ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారని తమ్ముడు అహ్మద్ చెప్పారు. కొడుకులు మిగల్లేదు, కూతుళ్లే ఉన్నారు.

మనం నేర్చుకోవలసింది

ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ని కాబట్టి నాకు ముందు పిల్లలే గుర్తొస్తారు. గలగల మాట్లాడే పిల్లవాడు ఒక ఏడాది హఠాత్తుగా వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆరో తరగతిలో పద్యం చెప్పిన అమ్మాయి తొమ్మిదికి వచ్చేసరికి నోరు విప్పదు. మొద్దు అనో, పొగరు అనో, దిష్టి అనో మనం ఒక పేరు పెట్టేస్తాం. గజాలీ గారి హకీములకు ఉన్నపాటి ఓపిక తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఉండాలి. ముందు కారణం వెతకాలి, తాయెత్తు తర్వాత.

అలాగే నిన్నటివరకు నోరు విప్పని పిల్లవాడు రేపు సభను నడిపిస్తాడు. ఎవరి మీదా శాశ్వతంగా ముద్ర వేయకండి.

ఇక పెద్దల సంగతి. మన సొసైటీలో వేదిక ఎక్కేవాళ్లు ఉన్నారు, వెనక నిలబడి కుర్చీలు వేసేవాళ్లు ఉన్నారు. పైకి వచ్చేవాళ్లు గజాలీ గారి మొదటి ప్రశ్న వేసుకోవాలి. నేను మాట్లాడేది ఎవరికోసం? రిటైరయ్యాక, కమిటీలో మాట పడ్డాక, ఇక నాకెందుకులే అని ఇంట్లో కూర్చున్న అనుభవజ్ఞులు ఆయన రెండో ప్రశ్న వేసుకోవాలి. నేను మౌనంగా ఉన్నది అల్లాహ్ కోసమా, నా సుఖం కోసమా? జనాజాకు నాలుగు భుజాలు కావాలి, రోగికి ఒక పలకరింపు కావాలి, ఫీజు కట్టలేని పిల్లవాడి తరఫున అడిగే నోరు ఒకటి కావాలి. ఇవేవీ గదిలో కూర్చుంటే జరగవు. గదిలో కాసేపైనా కూర్చోనివాడు చేస్తే ఇవి నీయత్ లేని పనులుగా మిగిలిపోతాయి.

మాట్లాడవలసిన చోట మాట్లాడే ధైర్యాన్ని, ఊరుకోవలసిన చోట ఊరుకునే వివేకాన్ని, రెంటికీ వెనక మంచి నీయత్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.